సంఖ్య తెలియకముందే తూకం కుదిరింది

1860 సెప్టెంబరు 3, సోమవారం. బాడెన్ రాజ్యానికి రాజధాని కార్ల్‌స్రూ. మామూలుగా ప్రజాప్రతినిధులు కూర్చునే అక్కడి శాసనసభ భవనంలో ఆ రోజు రసాయన శాస్త్రవేత్తలు కూర్చున్నారు. సుమారు 140 మంది. హైడెల్‌బర్గ్ నుంచి బున్సెన్ వచ్చాడు. పారిస్ నుంచి డ్యూమా, వుర్ట్జ్ వచ్చారు. హైడెల్‌బర్గ్‌లోనే పరిశోధన చేసుకుంటున్న 26 ఏళ్ల రష్యన్ యువకుడు మెండలీవ్ వచ్చాడు. అతని మిత్రుడు, తర్వాతి కాలంలో సంగీతకర్తగా లోకానికి తెలిసిన బరోడిన్ కూడా వచ్చాడు. రసాయన శాస్త్రానికి అదే మొట్టమొదటి అంతర్జాతీయ సభ. దాన్ని పిలిపించిన ముగ్గురు కెకూలే, వుర్ట్జ్, ఆ ఊరి పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ వెల్ట్‌జీన్.

ఇంతమందిని ఇంతదూరం రప్పించిన చిక్కు ఏమిటో చెబితే ఇవాళ తొమ్మిదో తరగతి పిల్లలు నమ్మరు. నీటి అణువులో హైడ్రోజన్ పరమాణువు ఒకటా, రెండా? కార్బన్ పరమాణువు బరువు 6 అనాలా, 12 అనాలా? ఆక్సిజన్‌ది 8 అనాలా, 16 అనాలా? వీటి మీద ఏకాభిప్రాయం లేదు. ఏ ప్రయోగశాల లెక్క దానిదే, ఏ పత్రిక గుర్తులు దానివే. వెనిగర్‌కు పులుపునిచ్చే అసిటిక్ ఆమ్లానికి అప్పట్లో రాస్తున్న ఫార్ములాలన్నీ కెకూలే తన పాఠ్యగ్రంథంలో ఒకచోట పేర్చాడు. 19 తేలాయి. ఒకే పదార్థానికి 19 ఫార్ములాలుంటే ఒకరు చేసిన పని ఇంకొకరికి అందడమెలా?

ఈ చిక్కు విడిపోయిన తీరే ఈ భాగం కథ. మన పిల్లలు ఇంటర్ మొదటి సంవత్సరంలో మోల్ అనగానే 6.022×10²³ అని గడగడా అప్పజెబుతారు. ఆ సంఖ్యను మొదట కంఠస్థం చేసి, మోలార్ ద్రవ్యరాశిని దాని వెనక తోకలా తగిలించుకుంటారు. చరిత్ర నడిచింది దీనికి సరిగ్గా ఎదురుగా. మోలార్ ద్రవ్యరాశులు ముందు స్థిరపడ్డాయి. సంఖ్య ఎంతో తేలడానికి ఆ తర్వాత యాభై ఏళ్లు పట్టింది. ఆ వరస పట్టుబడితే మోల్ అనే భావన పిల్లలను భయపెట్టదని నా గట్టి నమ్మకం.

గత భాగంలో మాంచెస్టర్ ఉపాధ్యాయుడు జాన్ డాల్టన్ దగ్గర ఆగాం. ప్రతి మూలకానికీ తనదైన పరమాణువు ఉంటుందని, దానికో నిర్దిష్టమైన బరువు ఉంటుందని ఆయన 1803లోనే లెక్కలు మొదలుపెట్టాడు. ఒక్క పరమాణువును తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు కాబట్టి హైడ్రోజన్‌ను 1 అనుకుని మిగతావాటిని దానితో పోల్చాడు. ఆలోచన గొప్పది. చిక్కంతా ఒక్కచోట వచ్చింది. నీటిలో బరువు ప్రకారం 1 పాలు హైడ్రోజన్‌కు 8 పాళ్లు ఆక్సిజన్ ఉంటుంది. (డాల్టన్ నాటి కొలతల్లో అది 7 దాకానే వచ్చింది, తర్వాత 8కి సర్దుకుంది.) మరి ఆక్సిజన్ పరమాణువు బరువెంత? నీటి అణువులో ఒక్కొక్క పరమాణువే ఉంటే 8. హైడ్రోజన్‌వి రెండుంటే 16. ఎన్నున్నాయో తెలిస్తే బరువు తెలుస్తుంది, బరువు తెలిస్తే ఎన్నున్నాయో తెలుస్తుంది. రెండూ తెలియవు. రెండు మూలకాల మధ్య తెలిసిన సమ్మేళనం ఒక్కటే అయితే అందులో ఒక్కొక్క పరమాణువే ఉంటుందని డాల్టన్ ఒక నియమం పెట్టుకున్నాడు. అప్పటికి హైడ్రోజన్, ఆక్సిజన్ల మధ్య తెలిసింది నీరొక్కటే. ఆ విధంగా నీటికి ఒకటి-ఒకటి లెక్క స్థిరపడింది. అది ప్రయోగం చెప్పిన మాట కాదు, సరళత కోసం చేసుకున్న ఊహ.

ఇంతలో పారిస్‌లో గేలుసాక్ వాయువులను బరువుతో కాక ఘనపరిమాణంతో కొలిచాడు. రెండు లీటర్ల హైడ్రోజన్, ఒక లీటరు ఆక్సిజన్ కలిస్తే రెండు లీటర్ల నీటి ఆవిరి వస్తుంది. వాయువులు ఎప్పుడూ ఇలా చిన్న చిన్న పూర్ణాంకాల నిష్పత్తిలోనే కలుస్తాయని ఆయన 1808 చివర్లో ప్రకటించాడు. డాల్టన్ ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఒక లీటరు ఆక్సిజన్ రెండు లీటర్ల ఆవిరిలోకి సర్దుకోవాలంటే ప్రతి ఆక్సిజన్ కణమూ రెండు ముక్కలు కావాలి. ముక్కలయ్యేది పరమాణువు ఎలా అవుతుంది?

ఆ ప్రశ్నకు జవాబు ఇటలీలోని వెర్చెల్లి నుంచి వచ్చింది. అమెడియో అవగాడ్రో 1776లో ట్యూరిన్‌లో పుట్టాడు. చదివింది న్యాయశాస్త్రం, మనసు పడింది భౌతికశాస్త్రం మీద. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం ఉంటే ఏ వాయువైనా సమాన ఘనపరిమాణంలో సమాన సంఖ్యలో అణువులుంటాయని ఆయన 1811లో రాశాడు. ముక్కలయ్యేది పరమాణువు కాదు, అణువు. ఆక్సిజన్ వాయువులోని ప్రతి అణువులోనూ రెండు సగాలున్నాయి, నీరు ఏర్పడేటప్పుడు అవి విడిపోతాయి. డాల్టన్ పరమాణువుకు ముప్పు లేదు, గేలుసాక్ కొలతలకూ లోటు లేదు. ఫ్రాన్స్‌లో ఆంపియర్ 1814లో ఇలాంటి మాటే చెప్పాడు.

అయినా యాభై ఏళ్లు ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. స్టాక్‌హోమ్‌లో కూర్చున్న బెర్జీలియస్ ఆనాటి రసాయన శాస్త్రానికి పెద్ద దిక్కు. వ్యతిరేక విద్యుదావేశాలే పరమాణువులను కట్టిపడేస్తాయని ఆయన సిద్ధాంతం. ఒకే రకం పరమాణువులు రెండు జతకట్టడం అందులో ఇమడదు. డ్యూమా మొదట అవగాడ్రో వైపు మొగ్గి ఆవిరుల సాంద్రతలు కొలిచాడు. పాదరసం ఆవిరి అనుకున్నదాంట్లో సగం తూగింది, ఫాస్ఫరస్ రెట్టింపు తూగింది, గంధకం మూడింతలు తూగింది. విసిగిపోయి, తన చేతిలో ఉంటే పరమాణువు అన్న మాటనే శాస్త్రం నుంచి చెరిపేస్తానన్నంత దాకా వెళ్లాడు. అవగాడ్రో 1856లో కన్నుమూశాడు. తన పేరు ప్రతి విద్యార్థి నోటా పలుకుతుందని ఆయనకు తెలియదు. తన పేరు పెట్టిన సంఖ్య ఎంతో కూడా ఆయనకు తెలియదు.

ఇక కన్నిజారో దగ్గరికి వద్దాం. నా ఉద్దేశంలో ఈ కథకు నాయకుడు ఈయనే, కానీ మన పాఠాల్లో ఈయన పేరు వినబడితే ఆల్డిహైడ్ల చర్య దగ్గరే. స్టానిస్లావో కన్నిజారో 1826లో సిసిలీ ద్వీపంలోని పలెర్మోలో పుట్టాడు. 1848లో సిసిలీ ప్రజలు బోర్బన్ రాజుల మీద తిరగబడితే ఫిరంగి దళంలో అధికారిగా చేరాడు. మరుసటి ఏడు తిరుగుబాటు కూలిపోగానే ఓడెక్కి మార్సెయ్ చేరుకున్నాడు. అక్కణ్నుంచి పారిస్ వెళ్లి షెవ్రోల్ ప్రయోగశాలలో పనిచేశాడు. తర్వాత ఇటలీకి తిరిగొచ్చి అలెస్సాండ్రియాలో, ఆపైన జెనోవాలో పాఠాలు చెప్పాడు. జెనోవా చేరేసరికి అక్కడ పనికొచ్చే ప్రయోగశాల కూడా లేదు.

ఆయనకున్నది తరగతి గది. పిల్లలకు పరమాణు భారాలు ఎలా చెప్పాలి? 1858లో తన పాఠక్రమాన్ని పీసాలోని మిత్రుడు డి లూకాకు ఉత్తరంగా రాశాడు. అది ఒక ఇటాలియన్ శాస్త్ర పత్రికలో అచ్చయింది. అందులో కొత్త ప్రయోగం ఒక్కటీ లేదు. అప్పటికే అందరి దగ్గరా ఉన్న కొలతలను సరైన వరసలో పెట్టడమే ఆయన చేసిన పని. ఆ వరసను దగ్గరగా చూద్దాం.

ముందు అణువుల బరువులు. సమాన ఘనపరిమాణంలో సమాన సంఖ్యలో అణువులున్నప్పుడు, ఒక వాయువు హైడ్రోజన్ కన్నా ఎన్ని రెట్లు బరువైతే దాని అణువు హైడ్రోజన్ అణువు కన్నా అన్ని రెట్లు బరువన్నమాట. హైడ్రోజన్ అణువులో రెండు సగాలున్నాయి కాబట్టి దాన్ని 2 అనుకున్నాడు. కార్బన్ మోనాక్సైడ్ హైడ్రోజన్‌కు 14 రెట్లు తూగుతుంది, కాబట్టి దాని అణువు 28. ఫార్ములా ఏమిటన్న ప్రశ్న ఇంకా రానేలేదు, గమనించండి.

తర్వాతి మెట్టు, ప్రతి అణువు బరువులో ఒక్కో మూలకం వాటా ఎంతో చూడటం. దీనికి రసాయన విశ్లేషణ చాలు. కార్బన్‌నే తీసుకుందాం. కార్బన్ మోనాక్సైడ్ 28లో కార్బన్ వాటా 12. కార్బన్ డయాక్సైడ్ 44లో 12. చిత్తడి నేలల్లో పుట్టే మీథేన్ 16లో 12. ఎథిలీన్ 28లో 24. ఈథర్ 74లో 48. ఎన్ని సమ్మేళనాలు వెతికినా 12, లేదంటే దానికి పూర్ణ గుణిజం. 6 ఎక్కడా రాదు, 18 ఎక్కడా రాదు. అణువులోకి 12 కన్నా తక్కువగా ఎన్నడూ చేరనిది, ఎప్పుడూ 12 చొప్పునే పెరిగేది ఏమిటి? అదే కార్బన్ పరమాణువు. ఇదే తీరున హైడ్రోజన్ వాటా చూస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్ల వాయువు 36.5లో 1, నీటి ఆవిరి 18లో 2, అమోనియా 17లో 3, మీథేన్ 16లో 4. ఆక్సిజన్‌కు అతి చిన్న వాటా 16. నీటి ఆవిరి 18లో 16 పోగా మిగిలేది 2. అంటే హైడ్రోజన్లు రెండు, ఆక్సిజన్ ఒకటి. డాల్టన్ ఊహించాల్సి వచ్చినదాన్ని కన్నిజారో తీసివేతతో రాబట్టాడు.

డ్యూమాను విసిగించిన పాదరసం సంగతి కూడా ఇందులోనే తేలిపోయింది. దాని ఆవిరి హైడ్రోజన్‌కు 100 రెట్లు తూగుతుంది, కాబట్టి అణువు 200. పాదరసం సమ్మేళనాల్లో దాని వాటా చూసినా 200, విశిష్టోష్ణం నుంచి లెక్కగట్టినా 200. అంటే పాదరసం ఆవిరిలో అణువు, పరమాణువు ఒకటే. ప్రతి మూలకం జంటగానే ఉండాలన్న నియమమేమీ లేదు.

కార్ల్‌స్రూలో మూడో రోజు డ్యూమా అధ్యక్షత వహించాడు. ఖనిజ రసాయనం వేరు, కర్బన రసాయనం వేరు, దేని లెక్కలు దానివే ఉండనివ్వండి అన్నది ఆయన ధోరణి. కన్నిజారో లేచి రసాయన శాస్త్రం ఒక్కటేనని వాదించాడు. ఓటింగుతో తేలే సంగతి కాదని సభ ముగిసింది. వెళ్లిపోతున్నవాళ్ల చేతుల్లో పావియా నుంచి వచ్చిన పవేసి ఒక చిన్న పుస్తకం పెట్టాడు. అది కన్నిజారో 1858 నాటి ఉత్తరమే. జర్మన్ శాస్త్రవేత్త లోథర్ మేయర్ దాన్ని జేబులో వేసుకుని దారిలో చదివాడు, ఇంటికెళ్లి మళ్లీ చదివాడు. అంతవరకు కమ్ముకున్న సందేహాలు విడిపోయాయని తర్వాత రాసుకున్నాడు. మెండలీవ్ కూడా కొత్త పరమాణు భారాలతోనే ఇంటిదారి పట్టాడు. 1869లో ఆయన వేసిన పట్టిక వాటి మీదే నిలబడింది. ఆ కథ వచ్చే భాగానికి అట్టిపెడదాం.

ఇంతకీ పోలిక బరువులు కుదిరితే ఒరిగేదేమిటి? హార్డ్‌వేర్ షాపులో మేకులు కిలోల లెక్కన అమ్ముతారు. పెద్ద మేకు చిన్న మేకుకు రెండింతల బరువని తెలిస్తే చాలు. చిన్నవి ఒక కిలో, పెద్దవి రెండు కిలోలు తూయించుకుంటే రెండు పొట్లాల్లోనూ మేకుల సంఖ్య సమానం. ఆ సంఖ్య ఎంతో షాపువాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు. అయినా ఒక్కో చిన్న మేకుకు ఒక్కో పెద్ద మేకు జత దొరికి తీరుతుంది. మోలార్ ద్రవ్యరాశి చేసే పని ఇదే. కార్బన్ 12 గ్రాములు, ఇనుము 56 గ్రాములు, పాదరసం 200 గ్రాములు తూస్తే మూడింటిలోనూ పరమాణువులు సమానం. నీరు 18 గ్రాములు, చక్కెర 342 గ్రాములు తూస్తే రెండింటిలోనూ అణువులు సమానం. పరమాణువులు జతలు జతలుగా కలుస్తాయి, మన తక్కెడ గ్రాముల్లో తూస్తుంది. రెండింటికీ మధ్య వంతెన ఈ లెక్క.

పల్నాడులో పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరున్న ఊరు. అక్కడ బట్టీలో జరిగేదంతా ఈ లెక్కే. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48, మొత్తం 100. కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ 44 గాలిలో కలుస్తుంది, పొడిసున్నం 56 మిగులుతుంది. శుద్ధమైన రాయి 100 టన్నులు పూర్తిగా కాలితే 56 టన్నుల సున్నం చేతికొస్తుంది. అంతకు మించి రాదు, ఎంత బొగ్గు వేసినా రాదు. ఇందులో 6.022×10²³ అవసరం ఎక్కడా పడలేదు.

మోల్ అన్న మాటను 1890లలో వాడుకలోకి తెచ్చింది లైప్‌జిగ్ ప్రొఫెసర్ విల్‌హెల్మ్ ఓస్ట్‌వాల్డ్. అణుభారం ఎంతో అన్ని గ్రాముల పదార్థం ఒక మోల్. ఆయనకు అదొక తూకమే, లెక్క కాదు. ఎందుకంటే ఓస్ట్‌వాల్డ్‌కు అప్పట్లో పరమాణువుల మీదే నమ్మకం లేదు. కంటికి కనబడనివి, ఎవరూ లెక్కపెట్టనివి శాస్త్రానికి ఎందుకన్నాడు. వియన్నాలో లోష్మిట్ 1865లోనే అణువుల పరిమాణాన్ని అంచనా కట్టాడు, కానీ అది అంచనాయే. ఓస్ట్‌వాల్డ్ లాంటివాళ్లను ఒప్పించాలంటే నిజంగా లెక్కపెట్టి చూపాలి.

ఆ పని పారిస్‌లో జాన్ పెరాన్ చేశాడు. నీటిరంగుల్లో వాడే గాంబోజ్ అనే పచ్చటి చెట్టు జిగురును నీళ్లలో రుద్దితే సన్నటి గుండ్రటి రేణువులు తేలుతాయి. అవన్నీ ఒకే సైజులో ఉంటేనే లెక్క సాగుతుంది. పెరాన్ ఒక కిలో జిగురు తీసుకుని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి వేరుచేయడం మొదలుపెట్టాడు. నెలల తరబడి చేస్తే గ్రాములో కొన్ని పదో వంతులు మాత్రమే సమానమైన రేణువులు దక్కాయి. వాటిలో ఒక రకాన్ని నీటిచుక్కలో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఒక్కో రేణువు వ్యాసార్థం 0.212 మైక్రాన్లు. అవి నిలకడగా ఉండవు, గజిబిజిగా కదులుతూనే ఉంటాయి. ఒకేసారి అన్నీ లెక్కపెట్టడం కన్నుకు సాధ్యం కాదు. అందుకని సూదిమొన రంధ్రమున్న రేకు అడ్డుపెట్టి, నాలుగైదు రేణువులకు మించి కనబడకుండా చూపును కుదించాడు. ఒక్క చూపులో ఎన్నున్నాయో చెప్పడం, రాసుకోవడం, మళ్లీ చూడటం. ఇలా నాలుగు ఎత్తుల దగ్గర మొత్తం 13,000 రేణువుల లెక్క తీశాడు.

అడుగు నుంచి 5 మైక్రాన్ల ఎత్తులో 100 రేణువులుంటే 35 దగ్గర 47, 65 దగ్గర 22.6, 95 దగ్గర 12. ప్రతి 30 మైక్రాన్లకూ దాదాపు సగానికి సగం. మన వాతావరణం పైకి పోయేకొద్దీ పలచబడేది కూడా ఈ తీరుగానే. ఆక్సిజన్ ఒక్కటే ఉన్న వాతావరణంలో సాంద్రత సగం కావాలంటే సుమారు 5 కిలోమీటర్లు పైకి పోవాలి. ఒకచోట 5 కిలోమీటర్లు, ఇంకోచోట 30 మైక్రాన్లు. భాగించి చూస్తే 16 కోట్ల రెట్లకు పైమాటే. నీటి తేలుడు పోను గాంబోజ్ రేణువు బరువు ఆక్సిజన్ అణువు బరువుకు అన్ని రెట్లన్నమాట. రేణువు బరువు లెక్కగట్టడం కష్టం కాదు. దాంతో ఆక్సిజన్ అణువు బరువు గ్రాముల్లో తెలిసిపోయింది. 32 గ్రాముల ఆక్సిజన్‌లో అలాంటి అణువులెన్నో తేలడానికి ఇక ఒక్క భాగహారమే మిగిలింది. పెరాన్ ప్రయోగాల్లో అది 7×10²³ దరిదాపుల్లో వచ్చింది. 1909లో ఆ సంఖ్యకు అవగాడ్రో పేరు పెట్టింది కూడా ఆయనే. ఆ ఒక్క పద్ధతితో ఆగలేదు. రేడియోధార్మికత, ఆకాశపు నీలిరంగు, ఎలక్ట్రాన్ ఆవేశం వంటి పొంతనలేని దారుల్లో ఇతరులు రాబట్టిన విలువలను తన పుస్తకంలో పక్కపక్కన పెట్టి చూపాడు. అన్నీ ఒకే చోటికి వచ్చి చేరాయి. ఓస్ట్‌వాల్డ్ తన పొరపాటును బహిరంగంగా ఒప్పుకున్నాడు. అంత పెద్ద శాస్త్రవేత్త అలా ఒప్పుకోవడాన్ని నేను పెరాన్ లెక్కంత గొప్పగానూ భావిస్తాను. పెరాన్‌కు 1926లో నోబెల్ బహుమతి వచ్చింది.

మిగతాది కొలతల సంస్థల చరిత్ర. 1971లో మోల్‌ను అంతర్జాతీయ మూల ప్రమాణాల్లో చేర్చారు. కార్బన్-12 ఐసోటోపు 12 గ్రాముల్లో ఎన్ని పరమాణువులుంటే అన్ని కణాలు ఒక మోల్ అన్నారు. ఆ తర్వాత దాదాపు పూర్తిగా సిలికాన్-28తో తయారైన కిలో బరువు గోళాలను నునుపుగా తీర్చి, స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరాన్ని ఎక్స్-కిరణాలతో కొలిచి సంఖ్యను ఇంకా కచ్చితం చేశారు. 2019 మే 20 నుంచి ఒక మోల్ అంటే సరిగ్గా 6.02214076×10²³ కణాలు. ఇప్పుడు నిర్వచనంలో సంఖ్యే మొదట వస్తుంది. పాఠ్యపుస్తకాలు సంఖ్యతో మొదలుపెట్టడానికి అదొక సాకైంది.

నిర్వచనం ఎలా ఉన్నా నేర్పే వరస అది కానక్కరలేదు. సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. మోల్ పాఠం మొదలుపెట్టే రోజు 6.022 జోలికి పోకండి. బోర్డు మీద మూడు నిలువు వరసలు గీయండి: వాయువు పేరు, దాని అణుభారం, అందులో కార్బన్ వాటా. కన్నిజారో రాసిన ఐదారు వాయువులు అందులో నింపండి. కార్బన్ పరమాణువు బరువెంతో మీరు చెప్పకండి, పిల్లలనే చెప్పనివ్వండి.